జపానువారి ఫుగు చేప

కొన్ని దినముల క్రిందట పై తరగతిలో జపాను దీవులను గూర్చిన భూగోళ పాఠము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "అయ్యా, ఆ దేశమువారు విషము గల చేపను ప్రీతితో తిందురని మా అన్న చెప్పినాడు. అది నిజమేనా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. వెనుక బల్లనుండి మఱియొకడు, "నిజమే యైయుండును. వారు ప్రాణమునకు వెఱవని శూరులు గదా!" అని బదులు పలికెను. అంతలో గంట మ్రోగెను.

మొదటి బాలుని ప్రశ్నకు నేను మఱునాడే యుత్తరము చెప్పితిని. రెండవ బాలుని మాట మాత్రము నా మనస్సున నిలిచిపోయినది. విషమత్స్యమును భుజించుట శౌర్యమువలన సాధ్యమగుచున్నదా, లేక మఱియొక గుణమువలననా? ఈ విషయమును కొంచెము విరివిగా విచారించుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాను. విద్యార్థులు దీనిని జంతుశాస్త్ర పాఠముగను, చరిత్ర పాఠముగను గూడ చదువుకొనవచ్చును.

చేప స్వరూపము

జపాను భాషలో "ఫుగు" అనునది ఒక్క చేప పేరు కాదు. ఒక కుటుంబమునకు చెందిన పలు జాతుల చేపలకు సామాన్య నామము. ఆ పేరును వ్రాయుటకు వాడెడు రెండు చీనా అక్షరములకు "నది", "పంది" అని యర్థము. శత్రువు సమీపించినపుడు ఈ చేప నీటిని గడగడ మ్రింగి, తన పొట్టను బంతివలె నుబ్బించుకొనును. దీనికి ప్రక్కటెముకలు లేవు. కావుననే దేహమంత సులభముగా నుబ్బగలదు. పెక్కు జాతులకు చర్మముపై చిన్న ముండ్లును గలవు. మ్రింగవచ్చిన పెద్ద చేపకు నోట పట్టని ముండ్ల బంతి యెదురగును.

దీని పండ్లు పైన రెండు, క్రింద రెండు కలిసిపోయి చిలుకముక్కువలె నేర్పడినవి. ఆ ముక్కుతో పీతలను, గుల్లలను చితుకగొట్టి తినును. నాలుగు పండ్లు గలదగుటచే శాస్త్రజ్ఞులు గ్రీకు భాషనుండి "టెట్రోడాన్" అను మాటను గైకొని యీ కుటుంబమునకు పేరిడిరి. దీని విషమునకును ఆ మాటనుండియే పేరు వచ్చినది.

జపానులో నెక్కువ విలువ గలది "తొరఫుగు", అనగా పులి ఫుగు. ఇది రెండడుగులకు మించి పెరుగును. ఈ చేపను గూర్చి మఱియొక వింత గలదు. జీవుల లక్షణములను నిర్ణయించు జన్యుపదార్థము ఇందు మిక్కిలి కుదించబడి, మానవుని దానిలో దాదాపు ఎనిమిదవ వంతు మాత్రమే యుండును. అందుచేత 2002లో శాస్త్రజ్ఞులు దీని జన్యుపదార్థమును మొదటినుండి తుదివరకు చదివి ప్రకటించిరి. వంటయింటి చేప ప్రయోగశాలకును పనికివచ్చినది.

విషము చేయు పని

ఈ విషము ఎట్లు పనిచేయునో తెలిసికొనుటకు ఒక నావికుని యనుభవమును వినుడు. 1774 సెప్టెంబరులో కెప్టెన్ జేమ్స్ కుక్ తన ఓడతో దక్షిణ పసిఫిక్ సముద్రమునందలి న్యూ కాలెడోనియా ద్వీపమున లంగరు వేసియుండెను. ఓడ గుమాస్తా యచటివారివద్ద నొక క్రొత్తరకపు చేపను సంపాదించెను. ఓడలోని ప్రకృతి శాస్త్రజ్ఞులు ఫార్‌స్టర్ తండ్రికొడుకులు దాని చిత్రమును వ్రాయించి వివరములు వ్రాసికొనుసరికి ప్రొద్దు పోయెను. కావున రాత్రి భోజనమునకు కాలేయమును, గ్రుడ్లను మాత్రమే వండిరి. కుక్‌ను ఫార్‌స్టర్లిద్దరును వానిని రుచి మాత్రమే చూచిరి.

తెల్లవారుజామున ముగ్గురికిని కాలుసేతులు తిమ్మిరి యెక్కినవి. నీటితో నిండిన పాత్రయు, పక్షి యీకయు తన చేతికి నొక్కటే బరువుగా దోచినవని కుక్ తన దినచర్యలో వ్రాసికొనెను. వాంతులచేతను చెమటపట్టుటచేతను వారు బ్రతికి బయటపడిరి. ఆ చేప ప్రేవులను తిన్న పంది మాత్రము చచ్చి పడియుండెను. ఉదయమున ఓడకు వచ్చిన ద్వీపవాసులు వ్రేలాడుచున్న ఆ చేపను చూచినంతనే, ఇది తినరాదని సైగలతో తెలిపిరి. ముందురోజు వారినడిగియున్నచో నెంత బాగుండెడిది!

ఈ విషమునకు 1909లో జపాను శాస్త్రజ్ఞుడు తహారా యోషిజుమి "టెట్రోడోటాక్సిన్" అని పేరు పెట్టెను. దాని రసాయన నిర్మాణము తెలియుటకు మఱి యేబది యైదు సంవత్సరములు పట్టెను. 1964లో క్యోటో నగరమున జరిగిన రసాయన శాస్త్రజ్ఞుల సభలో జపాను దేశీయులగు త్సుడా, గోటోలును, అమెరికా దేశీయుడగు వుడ్‌వర్డును ఆ నిర్మాణమును వెల్లడించిరి. వారు వేర్వేరుగా శ్రమించి ఒకే ఫలితమును పొందుట విశేషము.

మన నరములలో వార్త ప్రయాణము చేయవలెనన్న, నరపు గోడలోని సూక్ష్మ ద్వారములగుండ సోడియము కణములు లోనికి రావలెను. ఈ విషము సీసా నోట బిరడా బిగించినట్లు ఆ ద్వారమును మూసివేయును. అంతట మెదడు పంపిన యాజ్ఞ కండరమునకు చేరదు. మొదట పెదవులు, నాలుక తిమ్మిరెక్కును, పిదప వ్రేళ్లు, ఆపైన కాలుసేతులు స్వాధీనము దప్పును, కడపట ఊపిరి తీయు కండరములు నిలిచిపోవును. భయంకరమగు విషయమేమనగా, ఇంత జరుగుచున్నను రోగికి చాల సేపటివరకు తెలివి యుండును. చుట్టునున్నవారి మాటలు వినబడుచుండును గాని, తాను పలుకలేడు.

ఒకటి రెండు మిల్లీగ్రాముల విషము మనుష్యుని చంపుటకు చాలును. అది గుండుసూది తలపై నిలుచునంత. ఉడికించినను వేపినను అది నశింపదు. దీనికి విరుగుడు మందు నేటివరకు లేదు. వైద్యులు చేయగలిగినదేమనగా, విషము తనంతట తాను దేహమునుండి వెడలిపోవువరకు యంత్రసహాయమున శ్వాసను నడిపించుటయే. ఒక దినము గడచెనేని రోగి సాధారణముగా బ్రతుకును.

అట్లైన ఆ చేప తన విషముచేత తానేల చావదు? దాని నరములలోని ద్వారముల ఆకారము కొంచెము వేఱు. ఆ బిరడా వానికి బిగియదు.

విషము ఎచటినుండి వచ్చును?

పూర్వము ఈ విషమును చేపయే తయారుచేసికొనునని తలంచిరి. తరువాత కాలిఫోర్నియా ప్రాంతపు ఒక బల్లివంటి నీటి జంతువునందును, ఆస్ట్రేలియా సముద్రములలోని నీలివలయముల ఆక్టోపసునందును ఇదే విషము కనబడెను. సంబంధములేని యిన్ని ప్రాణులు ఒకే విషమును కలిగియుండుట యెట్లు? పరిశోధింపగా, సముద్రములోని కొన్ని సూక్ష్మజీవులు దీనిని పుట్టించుననియు, వానిని తిన్న చిన్న ప్రాణులనుండి పెద్ద ప్రాణులకు క్రమముగా నిది చేరుననియు తేలెను. విషము లేని ఆహారము పెట్టి, సముద్రపు అడుగు తగులనీయక పెంచిన ఫుగులలో విషము కనబడకుండుట దీనికి నిదర్శనము.

చేప దేహమంతటను విషము సమానముగా నుండదు. తొరఫుగులో కాలేయమును, గ్రుడ్ల సంచియు ఘోర విషములు. మాంసమును చర్మమును నిర్దోషములు. వేఱొక జాతిలో చర్మము కూడ విషమే. మఱికొన్ని జాతులలో మాంసము సైతము తినరానిది. కనుక "ఫుగు మాంసము మంచిది" అని యొక్క మాటలో చెప్పుట తప్పు. ఏ జాతి, ఏ భాగము అను రెండు ప్రశ్నలకును ఉత్తరము తెలిసినవాడే కత్తి పట్టవలెను.

నిషేధము, అనుమతి

జపానువారు ఫుగును తినుట నిన్న మొన్నటి యాచారము కాదు. వేల సంవత్సరముల నాటి గుల్లల దిబ్బలలో దీని యెముకలు దొరకినవి. 1592లో తొయొతొమి హిదెయోషి కొరియాపై దండెత్తుటకు క్యూషూ దీవిలో సైన్యములను కూర్చినపుడు, అచటికి వచ్చిన సైనికులు పలువురు ఈ చేపను తిని యుద్ధము చూడకయే మరణించిరనియు, అంతట నతడు దీనిని నిషేధించెననియు చెప్పుదురు. తరువాతి కాలమున పలువురు సామంత ప్రభువులును తమ యోధులకు దీనిని నిషేధించిరి. ప్రభువు కొఱకు విడువవలసిన ప్రాణమును నాలుక రుచికై విడుచుట వారి దృష్టిలో గొప్ప అపరాధము.

అయినను ప్రజలు మానలేదు. "ఫుగు తినగోరుదును, ప్రాణమునకును జంకుదును" అను నర్థమిచ్చు సామెత వారిలో నేటికిని గలదు. ఒసాకావారు దీనికి "తుపాకి" అని ముద్దుపేరు పెట్టిరి. తగిలినచో చావు తప్పదని దాని భావము. షిమొనొసెకి పట్టణమువారు మాత్రము "ఫుగు" అనక "ఫుకు" అందురు. ఆ మాటకు వారి భాషలో సౌభాగ్యమని యర్థమగును.

ఈ షిమొనొసెకియే ఫుగు వర్తకమునకు ముఖ్యస్థానము. అచటి "షున్‌పన్‌రో" అను భోజనశాలకు 1887లో జపాను మొదటి ప్రధానమంత్రి యగు ఇతో హిరొబుమి వచ్చెను. తుపానుచే నాడు మంచి చేప యేదియు దొరకలేదు. ఆ యింటి యజమానురాలు శిక్షకు సిద్ధపడియే నిషిద్ధమైన ఫుగును వడ్డించెననియు, ఆయన దాని రుచికి మెచ్చెననియు కథ గలదు. 1888లో ఆయన ప్రోద్బలమున ఆ యమగుచి రాష్ట్రమున నిషేధము తొలగింపబడెను. 1895లో చీనా జపానుల మధ్య సంధి వ్రాయబడినదియు ఆ భోజనశాలయందే.

నిషేధము తొలగుట మేలాయెనా, కీడాయెనా? నిషేధకాలమున జనులు చాటుగా, తెలియనివారి చేతి వంటను తినుచుండిరి. అనుమతి వచ్చినపిదప కూడ చాలకాలము మరణములు తగ్గలేదు. అనుమతి యొక్కటే చాలదని తెలిసికొని ప్రభుత్వములు వంటవారికి విద్యను, పరీక్షను ఏర్పరచినవి. 1948లో ఒసాకాయు, 1949లో టోక్యోయు ఇందులకు శాసనములు చేసెను.

వంటవాని విద్య

ఫుగు కోయువాడు గురువు చేతిక్రింద చిరకాలము శుశ్రూష చేయును. తొలిదినములలో నతని పని పాత్రలు కడుగుట, గురువు చేతులను గమనించుట. పిదప చేపల జాతులను గుర్తించుట, పిమ్మట కోయుట నేర్చును. టోక్యో పరీక్షలో వ్రాతపరీక్ష యొకటి, చేతిపని పరీక్ష యొకటి గలవు. అభ్యర్థి నియమిత కాలములో, అనగా ఇరువది నిమిషములలో, చేపను కోసి, భాగములను వేఱుపఱచి, తినదగినదేదో విషమేదో చూపుచు ప్రతి భాగమునకును పేరు చీటీ పెట్టవలెను. ఒక్క విషభాగము తప్పు పళ్లెములో పడెనేని తక్కిన పని యెంత చక్కగా నున్నను లాభము లేదు. మన పరీక్షలలో నూటికి ముప్పదియైదు వచ్చిన గట్టెక్కవచ్చును. ఈ విద్యలో నూటికి తొంబదితొమ్మిది వచ్చినను చాలదు!

తీసివేసిన విషభాగములను తాళము వేసిన పెట్టెలో నుంచి, కుక్కలు పిల్లులు తినకుండ ప్రత్యేకముగా నాశనము చేయుదురు. 1983లో జపాను ఆరోగ్య మంత్రిత్వశాఖ యే జాతిలో నే భాగము తినదగునో పట్టికగా ప్రకటించి, కాలేయమును ఏ జాతిదైనను వడ్డింపరాదని దేశమంతటికిని తెలిపెను.

శీతకాలము ఫుగు భోజనమునకు తగిన ఋతువు. దీని మాంసము మిక్కిలి గట్టిది యగుటచే వంటవాడు సన్నని పొడవైన కత్తితో, పళ్లెముపై రంగుల చిత్రము పైకి కనబడునంత పలుచగా పొరలు కోయును. ఆ పొరలను చామంతిపువ్వు రేకులవలె వృత్తాకారముగా పేర్చుట పరిపాటి. సోయా రసములో పుల్లని పండ్ల రసము కలిపి, దానిలో నద్దుకొని తిందురు. మిగిలిన ముక్కలను కాయగూరలతో కుండలో నుడికించి, ఆ పులుసులో తుదకు అన్నము కలిపి జావగా కాచుకొందురు. రుచి ఘాటైనది కాదు. మెల్లగా తెలియు మృదువైన రుచి.

"వద్దు" అనలేనందున

ఇంత శిక్షణయు నున్నను ఒక్కచోట గొలుసు తెగవచ్చును. 1975 జనవరిలో ఎనిమిదవ బాండో మిత్సుగొరొ అను ప్రఖ్యాత కబుకి నటుడు క్యోటోలో నొక భోజనశాలకు వెళ్లెను. జపాను ప్రభుత్వము ఆయనను సజీవ జాతీయ నిధిగా గౌరవించియుండెను. ఆయన ఫుగు కాలేయమును కోరెను. ఒకసారి కాదు, నలుగురికి వడ్డింపదగినంత తినెను. ఆ విషము తన్నేమియు చేయదని ఆయన నమ్మకము. వంటవాడు ఫుగు కోయుటకు అనుమతి గలవాడే. కాని యంతటి పెద్దమనుష్యుని మాట కాదనలేకపోయెను. కొన్ని గంటలలో నటుని చేతులు, కాళ్లు పడిపోయి, శ్వాస నిలిచి, ఆయన మరణించెను. వంటవాడు నేరస్థుడని న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1980లో సర్వోన్నత న్యాయస్థానమును ఆ తీర్పునే నిలిపెను.

విద్యార్థులారా, ఇచట నిలిచి యోచింపుడు. ఆ వంటవానికి విద్య లోపింపలేదు. చేతి నేర్పు లోపింపలేదు. "అయ్యా, క్షమింపుడు, ఇది నేను వడ్డింపను" అను నొక్క మాట లోపించినది. నటునికి ధైర్యము తక్కువ కాలేదు, అది యెక్కువయ్యెను. మునుపు తిని బ్రతికితిని గనుక ఈసారియు బ్రతుకుదునని తలంచుట ధైర్యము కాదు, లెక్క తప్పుట.

ఇటీవల విషము లేకుండ పెంచిన ఫుగుల కాలేయమును వడ్డించుటకు అనుమతి నిండని కొందఱు కోరిరి. 2017లో జపాను ఆహారభద్రతా సంఘము ఆ ప్రతిపాదనను విచారించి, సంపూర్ణముగా క్షేమమని చెప్పుటకు వీలులేదని తేల్చెను. సందేహమున్నంతవరకు వడ్డింపకుండుటయే వారి నియమము.

2018 జనవరిలో గమగొరి పట్టణమున నొక అంగడివారు కాలేయము తీయని ఫుగు పొట్లములు అయిదింటిని అమ్మిరి. పొరపాటు తెలిసినంతనే పట్టణాధికారులు భూకంపాది విపత్తులకై యేర్పరచిన ధ్వనియంత్రములద్వారా వీధివీధిని హెచ్చరిక చేసిరి. ఎవరును మరణింపలేదు. తప్పు జరుగక మానదు. దానిని దాచక చాటుటచేతనే ప్రాణములు నిలిచినవి.

ఇటువంటి యేర్పాటులవలన జపానులో ఫుగు మరణములు నేడు ఏటికి వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. అవియు చాలవఱకు గాలమువేసి తామే పట్టి, తమ యింటనే కోసికొన్నవారికి కలుగుచున్నవి.

ఈ జాగ్రత్త లేనిచోట నేమగును? 2008లో బంగ్లాదేశమున పలుచోట్ల బీదలు చవుకగా దొరకినదని, ఏమి చేపయో యెఱుగక కొని, వండుకొని తిని, పిల్లలతోసహ ఆస్పత్రుల పాలైరి. కొందఱు మరణించిరి. వారు శూరత్వము చూపుటకు తినలేదు. ఆకలిచేత, తెలియకపోవుటచేత తినిరి. అదే బంగాళాఖాతము మన తీరమును కూడ తాకుచున్నది. ఈ వంశపు చేపలు మన జాలరుల వలలలోను పడుచుండును. సముద్రతీర గ్రామములనుండి వచ్చు విద్యార్థులు, నీటినుండి తీయగనే బంతివలె నుబ్బు చేపను ఇంట వండనీయక, తల్లులకును చెల్లెండ్రకును ఈ సంగతి తెలుపవలెను. తలకాయ తీసినను, బాగుగ నుడికించినను, పులుసులో చింతపండు పోసినను విషము పోదని చెప్పవలెను.

ఇక వెనుక బల్ల బాలుని మాటకు వత్తము. నాయనా, జపానువారు ఫుగును తిని బ్రతుకుచుండుట వారి శౌర్యమువలన కాదు. శౌర్యమున్న సైనికులు హిదెయోషి శిబిరమునందే చచ్చిరి. దానిని తిని బ్రతుకుటకు కారణములు మూడు: తెలిసినవారివద్ద వినయముతో నేర్చుకొనుట, నేర్చినదానిని ప్రతిదినమును ఏమరక చేయుట, చేయరానిదానిని యెంతటివారు కోరినను "వద్దు" అని చెప్పగలుగుట. మొదటి రెండును మేము తరగతిలో మీకు నేర్పవచ్చును. మూడవదానిని మీరు పాఠశాల వెలుపల, స్నేహితులు "ఈ ఒక్కసారికేమి?" అని పిలుచునపుడు, మీయంతట మీరు నేర్చుకొనవలసియున్నది. ఆ పిలుపు వచ్చినపుడు క్యోటో వంటవానిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు.